కారు తోకకు ఎర్ర రిబ్బను

నా చిన్నప్పుడు మా కారుకు తోక ముందువైపు ఉండేది. బంపరు పైనున్న జాలీలోంచి ఒక నల్ల తీగ, దాని కొసన ఒక ప్లగ్గు బయటికి వేలాడుతూ ఉండేవి. గుంటూరు నుంచి కెనడాలోని సస్కచ్వాన్‌కు వచ్చేసరికి నాకు తొమ్మిదేళ్లు. ఇక్కడి కార్లన్నీ ఇలాగే పుడతాయి కాబోలు అనుకుని ఊరుకున్నాను.

మా నాన్న ఉత్తరాన ఒక గనిలో పనిచేసేవారు. రెండు వారాలు అక్కడ, ఒక వారం ఇంట్లో. మిగతా రోజుల్లో ఆ చిన్న ఊళ్లో అమ్మా నేనూ. అమ్మ గుంటూరులో నర్సు. ఇక్కడ మళ్లీ పరీక్ష రాసి పాసైతేగాని నర్సుగా తీసుకోమన్నారు. అందాకా ఊరి ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికి మడతపెట్టే పనిలో చేరింది. రోగుల మంచాల పక్కన నిలబడాల్సిన మనిషికి వాళ్ల దుప్పట్లు మాత్రమే చేతికి రావడం ఎంత కష్టంగా ఉండేదో నాకు ఆ వయసులోనే తెలుసు. చివరికి పరీక్ష తేదీ వచ్చింది. నడి చలికాలం, రెండు గంటల దూరంలో ఉన్న నగరంలో, పొద్దున పదకొండింటికి. అది తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి.

ముందురోజు సాయంత్రానికి చలి మైనస్ నలభైకి దిగింది. అమ్మ కారు తోకకు పొడుగాటి తీగ తగిలించి, వరండా గోడకున్న ప్లగ్గులో పెట్టి, పుస్తకం ముందు కూర్చుంది. కాసేపటికి నేను బయట మర్చిపోయిన చేతి తొడుగు కోసం వెళ్లి ఆ తీగను చూశాను. కారు నడవట్లేదు, దాని దీపాలు వెలగట్లేదు, ప్లగ్గు మాత్రం పెట్టి ఉంది. గుంటూరులో మనిషి లేని గదిలో ఫ్యాను తిరిగితే అమ్మ ఊరుకునేది కాదు. "ఎవరి కోసం తిరుగుతోందే అది?" అనేది. పాపం, చదువు హడావిడిలో మర్చిపోయిందనుకున్నాను. ప్లగ్గు పీకేసి, తీగను చక్కగా చుట్ట చుట్టి, విడిపోకుండా నా జడ రిబ్బను ఒకటి కట్టి బంపరు మీద పెట్టాను. ఏదో ఘనకార్యం చేసినట్టు లోపలికొచ్చి, అన్నం తిని పడుకున్నాను.

పొద్దున్నే అమ్మ తాళం తిప్పింది. కారు ఒక్కసారి మూలిగింది. రెండోసారి ఆ మూలుగూ లేదు. "ఏమైందే దీనికి? నిన్న ప్లగ్గు పెట్టానే, ఇంజిను వెచ్చగా ఉండాలని!" అంది. గడియారం చూసుకుంది. ఆ ప్లగ్గు ఎందుకో నాకు అప్పుడు తెలిసింది. కారు దిగి బంపరు పక్కన నిలబడ్డాను.

పక్కింటి తాతగారు అప్పుడే తన ట్రక్కు బయటికి తీస్తున్నారు. ఆయన ఉక్రెయిన్ నుంచి వలస వచ్చిన రైతుల బిడ్డ. నేను 'తాతా' అని పిలిస్తే, వాళ్ల భాషలో 'తాతో' అంటే నాన్న అని మురిసిపోయేవారు. ఆయన వచ్చి కారు ముందు వంగారు. ఎర్ర రిబ్బను చూశారు. టోపీ కింద వేలాడుతున్న నా జడలు చూశారు, ఒకదానికి రిబ్బను, ఒకదానికి రబ్బరు బ్యాండు. మెల్లగా ముడి విప్పి రిబ్బను జేబులో వేసుకుని, తీగను మంచులోకి వదిలేశారు.

"గాలికి ఊడినట్టుందమ్మా. రండి, నా బండిలో పోదాం" అని ఇంగ్లీషులో అమ్మతో అన్నారు.

ముగ్గురం ముందు సీట్లో ఇరుక్కుని కూర్చున్నాం. రాత్రంతా నిలబడ్డ చోటే టైర్లు గట్టిపడి, మొదటి మైలంతా బండి దడదడలాడింది. అప్పుడు తెల్లటి పొలాల మీద సూర్యుడొచ్చాడు. ఒకడు కాదు, ముగ్గురు. నడుమ అసలు సూర్యుడు, అటొకడు, ఇటొకడు. అమ్మ పుస్తకం మూసేసి అలాగే చూస్తూ ఉండిపోయింది. గాలిలోని మంచు పలుకులే వెలుగును విరిచి అలా చూపిస్తాయని తాతగారు చెప్పారు. కారణం తెలిశాక కూడా నా ఒళ్లు జలదరించడం ఆగలేదు. ఇంతటి చలికి ఎదురుగా మా కారును ఒంటరిగా వదిలేసింది నేనేనని అప్పుడే అర్థమైంది.

అమ్మ పరీక్ష రాసింది. ఇంటికి చేరేసరికి పొద్దు గుంకుతోంది. అమ్మ టీ పెట్టడానికి లోపలికెళ్లాక తాతగారు నన్ను ఆపారు. తన వరండాలోంచి ఇంజిన్ ఆయిలు సీసా తెచ్చి తలకిందులు చేశారు. చుక్క కూడా కదల్లేదు. ఇంజిను పొద్దున్నే ఇలాంటి దాంట్లో తిరగాలన్నారు. తర్వాత మా కారు తీగను మళ్లీ ప్లగ్గులో పెట్టి, టోపీ మీంచే చెవి బానెట్ దగ్గర పెట్టమన్నారు. ముందు ఏమీ వినబడలేదు. కాసేపటికి లోపలెక్కడో సన్నగా సుయ్‌మంది. ఇడ్లీ పాత్రలో నీళ్లు మరగబోయే ముందు అచ్చం అలాగే పాడతాయి. చచ్చిపోయిందనుకున్న మా కారు లోపల, ఇంజిను చుట్టూ ఉన్న నీళ్లు వేడెక్కడం మొదలైంది. ఊపిరి బిగబట్టి ఎంతసేపు విన్నానో తెలియదు.

తాతగారు రిబ్బను నా చేతిలో పెట్టారు. "పొద్దున మీ అమ్మ మనసు నిమ్మళంగా ఉండాలి. అందుకని తప్పు గాలి మీద పెట్టాను. పరీక్ష అయిపోయిందిగా, ఇక గాలిని వదిలెయ్యి" అన్నారు.

లోపలికెళ్లి ఏడుస్తూ చెప్పేశాను. అమ్మ టీ వడకడుతూనే, "తాతగారు ఎర్ర రిబ్బను జేబులో వేసుకోవడం, నీకు ఒక్క జడకే రిబ్బను ఉండడం చూసినప్పుడే అనుకున్నాలే" అంది. మరి తిట్టలేదేమని అడిగాను. "స్విచ్చులు ఆపమని నేర్పింది నేను. ఇది మాత్రం ఎందుకు ఆపకూడదో చెప్పనిదీ నేనే" అని నా ముఖం తుడిచి, జడకు రిబ్బను కట్టింది.

అమ్మ పాసైంది. అదే ఆసుపత్రిలో నర్సుగా రిటైరైంది. నాకిప్పుడు అరవై దాటాయి. మా బేస్‌మెంట్‌లో కరీంనగర్ నుంచి చదువుకోవడానికి వచ్చిన అమ్మాయి అద్దెకుంటోంది. నిరుడు చలికాలం ఒక సాయంత్రం తన కారు తీగ పట్టుకుని, "ఆంటీ, చార్జింగ్ అయిపోయినట్టుంది. తీసెయ్యాల్నా?" అని అడిగింది. నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ తిరిగాయి. తననూ బానెట్ దగ్గరికి వంగమన్నాను. "అబ్బ, లోపల ఏదో ఉన్నది ఆంటీ!" అని కళ్లు పెద్దవి చేసింది.

ఊరికే ఉన్నట్టు కనబడేదాన్ని, అది వస్తువైనా మనిషైనా, అక్కర్లేదనే ముందు ఒకసారి చెవి పెట్టి వినడం ఆ రోజు నుంచి నాకు అలవాటు. ఆ అమ్మాయి తీగకు ఎవరూ పీకకుండా ఎర్ర రిబ్బను కట్టాను. సాయంత్రం ఆ కారు దగ్గర వంగితే, ఆ సుయ్‌మనే చప్పుడు వినబడేదాకా ఇంట్లోకి రాను.