అన్న కోసం విని ఏరిన పెట్టె

పోయిన వారం మా అమ్మాయి ఫోనులో మూడు బొమ్మలు పంపి, "అమ్మా, వీటిలో ఏది కొనను?" అని అడిగింది. ముప్ఫై దగ్గరపడుతుండగా దానికి గిటారు మీద మోజు పుట్టింది. ఆ మూడూ గిటారుకు తగిలించుకునే చిన్న ఆంప్లిఫయర్లట. ఒకటి అరచేతిలో ఇమిడిపోతుంది, ఒకటి నడుముకు తగిలించుకోవచ్చు, మూడోది మా వంటింట్లో పోపులపెట్టె అంత ఉంది. ఆఫీసు పని మీద ఊళ్ళు తిరిగే పిల్ల కాబట్టి సంచిలో పట్టాలి, లాడ్జి గదిలో వాయిస్తే పక్కవాళ్ళు వచ్చి తలుపు కొట్టకూడదు, కరెంటు పోయినా పనిచేయాలి. ఇవీ దాని షరతులు. "నాకేం తెలుసే, నన్నడుగుతావు" అని ఫోను పెట్టేశాను. అది అబద్ధం. దాదాపు అవే షరతులు పెట్టుకుని, అలాంటి పెట్టెను ఒకసారి నా చెవులతో విని ఏరాను. ఆ సంగతి మా అమ్మాయికి ఇంతవరకు చెప్పలేదు.

మాది తమిళనాడులో కోవిల్‌పట్టికి తూర్పున ఉన్న నల్లరేగడి పల్లె. మిరప, పత్తి, వాన దయతలిస్తే మినుములు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. మా తెలుగుకు చదువూ రాతా లేవు. ఈ అక్షరాలు నేను పెళ్ళయి చిత్తూరు వచ్చాక నేర్చుకున్నవి. నా మాట వింటే ముత్తవ్వ లేచొచ్చినట్టుందని మా అత్తగారు ఇప్పటికీ నవ్వుతుంది. అన్న నాకంటే ఆరేళ్ళు పెద్ద. కోవిల్‌పట్టి ఆర్కెస్ట్రా ఒకదాంట్లో గిటారు వాయించేవాడు. చుట్టుపక్కల అమ్మవారి తిరునాళ్ళన్నిటికీ వాళ్ళే వెళ్ళేవారు. గిటారు మనిషికి స్టేజి మీద ఎప్పుడూ ఒకటే చోటు, డ్రమ్ముల పక్కన, గొట్టం స్పీకరు కింద. ఎనిమిదేళ్ళు అక్కడ నిలబడేసరికి ఎడమ చెవి పూర్తిగా పోయింది. నరం అరిగిపోయిందనీ, కుడిది సగమే మిగిలిందనీ, చేయగలిగింది ఏమీ లేదనీ మదురై డాక్టరు చెప్పాడు. ఈ సంగతి అన్నకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియదు. పిలిస్తే పలకడం లేదు, స్టేజి ఎక్కి పొగరు పట్టిందని మా నాన్న కనిపించినవాళ్ళందరికీ చెప్పేవాడు. చెవుడు కంటే పొగరే మేలని అన్న ఆ పేరును అలాగే ఉంచుకున్నాడు.

తొంభైల మొదట్లో ఆ ఆర్కెస్ట్రా చీలిపోయి, అన్న ఇంట్లో కూర్చోవలసి వచ్చింది. అప్పుడే విరుదునగర్‌లో ఒక మైకుసెట్టు షాపు ముదలాలి కొత్త బృందం కడుతున్నాడని తెలిసింది. ముదలాలి అంటే మా వైపు యజమాని. అన్న వెళ్ళి వాయించాడు. వేళ్ళకు చెవుడు లేదు కదా, ఆయనకు నచ్చింది. నెలల తరబడి ఊళ్ళు తిరగాలి, బస్సులో ఒళ్ళో పట్టే చిన్న పెట్టె ఎవరిది వాళ్ళకుండాలి, దిగినచోటల్లా సాధన చేయాలి, తన షాపులోనే మూడు రకాలున్నాయి, వచ్చి విని ఏరుకోమన్నాడు. అన్నకు అదే చిక్కు. డ్రమ్ముల మధ్య అయితే తాళం చూసి నెట్టుకురావచ్చు. పెట్టె ముందు కూర్చోబెట్టి ఏది బాగుందని అడిగితే ఏం చెబుతాడు?

ఉపాయం నాదే. మావాళ్ళకు బజారులో ఒక అలవాటుంది. చీరల షాపులో, గాజుల షాపులో, షాపువాడి ఎదుటే తెలుగులో గుట్టుగా మాట్లాడుకుంటాం. రంగు పోయేటట్టుంది వద్దు, ఇంకొక్క మాట అడుగు, లేచినట్టు నటించు. వాడు అరవవాడు, వాడికేం తెలుస్తుంది అని ధీమా. అప్పుడప్పుడు పట్టుబడిన అత్తలూ లేకపోలేదు గానీ, ఆ కథలు చెప్పుకుని నవ్వుకున్నామే తప్ప అలవాటు మానలేదు. నేను అన్న కుడి చెవి పక్కన కూర్చుని విని తెలుగులో చెబుతాను, అన్న తల ఊపుతాడు. అదీ ఏర్పాటు. బస్సు సాత్తూరు దాటాక అన్న ఉన్నట్టుండి నావైపు తిరిగాడు.

"చెప్పేస్తామా పాపా? చెవు లేదని ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తామా?"

"చెప్తే ఎవరు పెట్టుకొంటారన్నా? గమ్మున ఉండు, నేను చూసుకొంటాను" అన్నాను.

షాపు నిండా కాలిన టంకం వాసన. ముదలాలి సన్నటి మనిషి, నుదుట విభూది, నోట ఆ ఊరి వ్యాపారుల అరవం. టీ తెప్పించి, మూడు పెట్టెలూ బల్ల మీద పెట్టి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మొదటిది బ్యాటరీలతో నడిచేది, ప్లాస్టిక్‌ది, ఎత్తితే బరువే తెలియదు. అన్న తీగ మీటాడు. "రేడియోలో జలుబు చేసినవాడు పాడినట్టుండాది, వద్దన్నా" అన్నాను. అన్న ఏదో ఆలోచిస్తున్నట్టు ముఖం పెట్టి తల అడ్డంగా ఊపాడు. రెండోది చెక్కపెట్టె, కండక్టరు దానికీ టికెట్టు కొట్టేటంత ఉంది. దాని శబ్దం నిజంగా బాగుంది గానీ కరెంటు లేనిదే పనిచేయదు. మా పల్లెలో కరెంటు కూడా చుట్టం చూపుగానే వచ్చేది. మూడోది మధ్యరకం, రెండు విధాలా నడుస్తుంది. మొదట గుయ్యిమని ఇరైచ్చలు, అంటే రొద, పెట్టింది. "ఇరైచ్చలు వస్తుండాది, ట్రెబుల్ తగ్గించు... ఇంకా... ఆఁ, చాలు. ఇప్పుడు బాగుండాది. ఇనపడినట్టు కొంచెం నవ్వన్నా" అన్నాను. అన్న నవ్వాడు. అంత చక్కగా నవ్వడం అంతకు ముందెప్పుడూ చూడలేదు. నాకు లోలోపల గర్వంగా కూడా అనిపించింది. ఇది రాస్తుంటే సిగ్గేస్తోంది.

ముదలాలి టీ గ్లాసు కింద పెట్టాడు. "ఒక చెవేనా, రెండునా?" అని అడిగాడు. మా తెలుగులో. మా అవ్వ మాట్లాడే తెలుగులో.

అన్నకు ఆ మాట వినపడలేదు. నా ముఖం చూసి అర్థం చేసుకుని, మీటుతున్న తీగ వదిలేశాడు. ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే కాళ్ళ మీద పడేదాన్ని.

"మా మేళంలో కీబోర్డు వాయించేవానికి కండ్లు లేవమ్మా. వాన్ని చెయ్యి పట్టి నేనే స్టేజి ఎక్కిస్తాను. చెవు లేదని ఒక మాట చెప్పింటే ఇతన్ని కుడిపక్క నిలిపింటాను, అంతే. నా ఎదురుగ్గా కూచొని, నా టీ తాగి, మన మాటలోనే నన్ను ఏమారిస్తిరే. రేపు ఊరు కాని ఊర్లో ఇంకేమి దాస్తారో, నాకెట్ల తెలుసును?"

ఆయనే లేచి మూడో పెట్టెను గుడ్డతో తుడిచి అన్న చేతిలో పెట్టాడు. "మంచిదే ఏరితిరి. తీసుకొనిపోండి, ఇంట్లో వాయించుకో" అని, మళ్ళీ అరవంలోకి మారిపోయి వేరే మనిషిని పలకరించాడు.

తిరుగు బస్సులో అన్న పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కుడివైపు కిటికీ దగ్గర కూర్చున్నాడు. నేను దారంతా ఏడుస్తూ, తప్పంతా నాదేనని చెబుతూనే ఉన్నాను. నేను కూర్చున్నది ఎడమ చెవి వైపని కోవిల్‌పట్టిలో దిగేటప్పుడు తెలిసింది. రెండోసారి చెప్పడానికి ధైర్యం చాలలేదు.

ఆ తర్వాత అన్న కోవిల్‌పట్టిలో కడలైమిఠాయి, అంటే పల్లీచెక్క, చేసేచోట పనికి కుదిరాడు. బెల్లం పాకం ముదిరిందో లేదో కంటితో చూసి చెప్పవచ్చు, చెవులతో పనిలేదు. సాయంత్రాలు ఇంటికొచ్చి ఆ పెట్టె ముందు కూర్చుని వాయించుకునేవాడు. పెళ్ళయ్యాక నేను పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా శబ్దం కొంచెం పెరిగి ఉండేది. ఇరుగుపొరుగు గొణిగేవారు. నాన్నకు ఎట్టకేలకు సంగతి అర్థమై, పొగరు మాట ఎత్తడం మానేశాడు. కొడుకును ఊరందరి ముందూ తిట్టినందుకు సిగ్గుపడి వీధిలోకి రావడం కూడా తగ్గించాడు. ఎనిమిదేళ్ళకు కుడి చెవి కూడా పోయింది. మా ఇంటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టుకునేవాడు, బయటివాళ్ళ అరవం పట్టుకోలేకపోయేవాడు.

ఆ ఏడు వేసవిలో వెళ్ళాను. పొద్దున్నే వసారాలో కూర్చుని, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఒక పాట మొదటి నుంచి చివరిదాకా వాయించాడు. వేళ్ళు ఎప్పటిలాగే నడిచాయి. తీగలే ఒకదానితో ఒకటి కలవడం లేదు. శ్రుతి ఎన్నాళ్ళ కిందట జారిపోయిందో, ఎన్నాళ్ళుగా అలాగే వాయిస్తున్నాడో దేవుడికే తెలియాలి. ముగించి నా పెదవులకేసి చూశాడు.

"ఎట్లుండాది పాపా?"

విరుదునగర్ నుంచి వచ్చిన రోజే ఇక అన్న విషయంలో అబద్ధం ఆడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. "సేరలేదన్నా" అన్నాను, అర్థమయ్యేటట్టు నిదానంగా. "తీగలు ఒకటికొకటి సేరలేదు."

అన్న "సరి" అన్నాడు. స్విచ్ ఆపి, వైరు చుట్టి, పెట్టెను తీసుకెళ్ళి అటక మీద పెట్టాడు. మళ్ళీ గిటారు ముట్టుకోలేదు. ఆ షాపులో నేను అనవలసిన నిజాన్ని ఎనిమిదేళ్ళు ఆలస్యంగా, అబద్ధం చెప్పి తీరవలసిన ఒకే ఒక్క మనిషితో అన్నాను.