కడియం పిట్టతో పందెం

వాడపల్లిలో మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట చేపలు పట్టే మత్తయ్యను, అతని గుండ్రటి పడవ పుట్టిని ఎరగనివాళ్లు లేరు. అరవై దాటి చాలా కాలమైనా మాటలో మాత్రం తగ్గడు మహానుభావుడు. పోయిన వానాకాలం నడి ఏట్లో పుట్టి తిరగబడి, కడుపు నిండా నీళ్లు మింగి ఒడ్డున పడ్డాడు. ఆనాటి నుంచి భార్య సారమ్మది ఒకటే పోరు, పుట్టి అమ్మేయమని.

అప్పుడైనా నోరు మూసుకున్నాడా? ఏటా చలికాలం సముద్రం వైపు నుంచి వచ్చే తెల్ల పిట్టల్లో ఒకదాని కాలికి రింగు ఉంటుంది, ఎవరో పిట్టల పరిశోధకులు వేసింది. మత్తయ్య దాన్ని కడియం పిట్ట అంటాడు. ఏళ్లనాటి దోస్తీ. ఆ ధీమాతో సారమ్మతో పందెం కాశాడు: ఈ చలికాలం అది వస్తే తాను మళ్లీ పుట్టితో ఏట్లో దిగుతాడు, రాకపోతే పుట్టి అమ్మేస్తాడు.

చలికాలం వచ్చింది. పిట్టలూ వచ్చాయి. కడియం పిట్ట మాత్రం లేదు. మత్తయ్యకు గుండె జారింది. పిట్టలను చూడటానికి మిర్యాలగూడ నుంచి వచ్చే సుజాత టీచర్‌ను అడిగితే ఆమె ఏమీ దాచలేదు. ఈ పిట్టలు చాలా ఏళ్లు బతుకుతాయట గానీ, ముసలితనం మీద పడ్డాక ఏటేటా తిరిగొచ్చేవి తగ్గిపోతాయట. తిండి దొరికే చోటు తెలిసినవి ఇంకొన్నాళ్లు నెట్టుకొస్తాయట. ఆ పూట అతనికి అన్నం సహించలేదు. ఆదివారం వచ్చి పుట్టి పట్టుకుపోతానని మునగాల నుంచి బేరగాడు కబురు కూడా పెట్టాడు.

శనివారం పొద్దున, అమ్మకానికి తెచ్చిన చేపలు ఒడ్డున కడుగుతున్న సారమ్మ కేకేసింది. మత్తయ్య పడుతూ లేస్తూ వెళ్లాడు. బోర్లించిన పుట్టి మీద కడియం పిట్ట! బక్కచిక్కిపోయింది. కుర్ర పిట్టలు నడి ఏట్లో మునిగి తేలుతూ చేపల కోసం కొట్లాడుకుంటుంటే, ఇది సారమ్మ విసిరే పేగులు తింటోంది. ఒక్కసారి హుష్ అని తోలి ఉంటే పందెం సారమ్మదే.

"ఎల్లగొట్టకపోయినవా? ఎవరు సూసిండ్రు?" అన్నాడు మత్తయ్య.

"పానం ఉగ్గబట్టుకొని గంత దూరం నుంచి వచ్చె. దాన్ని ఎట్ల ఎల్లగొడ్త?" అంది సారమ్మ. "గని సూడు, అది దరి ఇడుస్తలేదు. నువ్వు గూడ గంతే, దరి ఇడవొద్దు."

సోమవారం పుట్టి నీళ్లలో దిగింది. పొడుగాటి తాడు ఒక కొస పుట్టికి, రెండో కొస ఒడ్డున సారమ్మ చేతిలో. మత్తయ్య నడి ఏటి వైపు తెడ్డు వేసినప్పుడల్లా ఆమె ఒక్క గుంజు గుంజుతోంది. చూసినవాళ్లంతా పడీ పడీ నవ్వారు. కడియం పిట్ట పుట్టి అంచున కూర్చుని, వల ఎప్పుడు తీస్తాడా అని చూస్తోంది.