హార్మోనియం లేని శుక్రవారం

ఆ ఏడు తపస్సుకాలంలో నేను చాయ్ మానేశాను. విభూది బుధవారం నుంచి ఈస్టర్ దాకా చుక్క ముట్టలేదు. తలనొప్పి వచ్చినా ఓర్చుకున్నాను. ఓర్చుకోలేకపోయింది ఒక్క మనిషినే.

హనుమకొండలోని మా చర్చిలో తపస్సుకాలం శుక్రవారాల్లో, యేసు సిలువ మోసిన దారిని పద్నాలుగు స్థలాలుగా తలుచుకునే సిలువమార్గం పాట ఎత్తుకునేది ఏళ్ల తరబడి నేనే. వారమంతా కుట్టుమిషన్ ముందు వంగి కూర్చునే నన్ను నలుగురూ తలెత్తి చూసేది ఆ కాసేపే. ఆ ఏడు ఫాదర్ గారు ఆ పాటను కొత్తగా వచ్చిన ఒక అమ్మాయికి ఇచ్చారు. హసన్‌పర్తిలో మా వీధి చివరి ఇంట్లో అద్దెకు దిగింది, కాలేజీలో పాఠాలు చెబుతుంది. "కొత్తవాళ్లకూ అవకాశం ఇద్దామమ్మా" అన్నారాయన. తల ఊపాను. లోపల భగ్గుమంది.

బాగా పాడుతుంది, అదే నా ఏడుపు. కాస్త అపస్వరం పలికినా నాకు నిద్ర పట్టేది. మొదటి శుక్రవారం తప్పుల కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. సిలువ మోసినాయన మూడుసార్లు పడ్డాడు గానీ ఆమె ఒక్కసారీ తడబడలేదు. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ మా ఆయన, "పిల్ల మస్తు పాడుతాంది గదనే" అన్నాడు. మరునాడు ఆయన టిఫిన్ డబ్బాలో కూరకు ఉప్పు వేయడం మరిచిపోయాను. మరిచిపోయాననే చెప్పాను.

ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్లి, నా పాపం అసూయ అని చెప్పాను. ఎవరి మీదో చెప్పలేదు. "పడ్డాక లేవడం కష్టమమ్మా. జారే చోటుకే పోకండి" అన్నారు ఫాదర్. ఆ మాట నాకు తెగ నచ్చింది. నేను జారే చోటు ఆ అమ్మాయే కదా! ఆమె ఎక్కే ఆటో వదిలేసి బస్సు కోసం ఎండలో నిలబడ్డాను. పాటలవాళ్ల వాట్సాప్ గ్రూపు తెరవడం మానేశాను. చర్చిలో ముందు వరుస విడిచి, ఫ్యాను తిరగని వెనక మూలకు మారాను. ఆమె ఎదురొస్తే కొంగు సర్దుకుంటూ గోడవైపు చూసేదాన్ని. ఇదంతా దేవుడి కోసమే అనుకుంటే ఎంత హాయిగా ఉండేదో.

గుడ్ ఫ్రైడే ముందురోజు సాయంత్రం పూజ అయ్యాక ఆమె నన్ను మెట్ల దగ్గర పట్టుకుంది.

"అక్కా, జర ఆగవా. రేపు హార్మోనియం వాయించరట గదా. ఏ శ్రుతిల ఎత్తుకోవాలె? నాకు మస్తు ఫికరైతాంది."

గుడ్ ఫ్రైడే నాడు మా దగ్గర వాయిద్యాలేవీ మోగవు. పైగా సిలువమార్గం ఆరుబయట, ఎండలో, చర్చి చుట్టూ నడుస్తూ. పట్టి ఉంచడానికి హార్మోనియం లేకపోతే జనం చరణం చరణానికీ పాటను పైకి లాక్కుపోతారు. ఎప్పటి శ్రుతిలో మొదలుపెడితే సగం దూరం పోకముందే, ఉపవాసంతో ఎండిన గొంతు చీలిపోతుంది. అది ఆమెకు తెలియదు, నాకు తెలుసు. చీలిపోతే జనమంతా ఎవరి వైపు తిరుగుతారో కూడా తెలుసు.

పనుందని తప్పుకుంటే చాలు. ఇన్నాళ్లుగా చేస్తున్నదే, ఫాదర్ చెప్పిందే. కిందికి ఒక మెట్టు దిగాను కూడా. దిగుతుంటే నాలో ఎంత సంబరమో! ఈస్టర్ అప్పుడే వచ్చేసినంత సంబరం. దాన్ని చూసి నాకే భయమేసింది.

"దా, ఆటోల చెప్త" అన్నాను.

ఆటో కదిలాక చెప్పాను. "రోజు పాడినట్టు ఎత్తుకోకు. మనం మామూలుగ మాట్లాడుతం సూడు, ఆ గొంతుల మొదలువెట్టు. మరీ కిందికున్నదనిపిస్తది, ఫికర్ చెయ్యకు. జనమే పైకి తీస్కపోతరు."

ఆమె అక్కడే పాడి చూపించింది. డ్రైవర్ అద్దంలోంచి మమ్మల్ని చూశాడు. ఇంకా కాస్త కిందికి దించమన్నాను. పళ్లు కొరుక్కుంటూనే దిద్దాను.

మరునాడు ఆమె నా శ్రుతిలోనే ఎత్తుకుంది. ఆఖరి స్థలం దాకా గొంతు ఎక్కడా చెదరలేదు. సమాధి దగ్గరి చరణానికి వచ్చేసరికి ఆడా మగా అందరూ ఏడ్చారు. ఇన్నేళ్లలో నేను పాడితే ఎవరూ అంతలా ఏడవలేదు. నా కళ్లల్లోంచీ నీళ్లు ధారగా కారాయి. పక్కనున్న ముసలమ్మ నా వీపు నిమిరి, "ప్రభువు పడ్డ కష్టాలు యాదికొస్తె అట్లనే అయితది బిడ్డా" అంది.

అవునన్నట్టు తల ఊపాను.