అమ్మకి రాని కామెర్లు

నిన్న మా మనవరాలు సెల్‌ఫోను పక్కన పడేసి, "ఈ స్లో నెట్‌తో డిప్రెస్ అయిపోతున్నాను అమ్మమ్మా" అంది. అని, ఆ నోటితోనే పకోడీలు అడిగింది. నవ్వొచ్చింది గానీ, పిండి కలుపుతూంటే పాత రోజొకటి గుర్తొచ్చింది. ఆ మాట మా ఇంట్లో మొదటిసారి వినబడిన రోజున ఎవరమూ అన్నం తినలేదు.

డెబ్భైల చివర. మండపేటలో నాన్నకి బియ్యం వ్యాపారం. నేను అప్పుడే కాలేజీలో చేరాను. ఏ కారణమూ లేకుండా అమ్మ మాట్లాడటం మానేసింది. జడ వేసుకోవడం కూడా బరువై గోడవైపు తిరిగి పడుకునేది. నాన్న కాకినాడ డాక్టరుకి చూపించి తీసుకొచ్చి, ఆయన అన్న 'డిప్రెషన్' అనే ఇంగ్లీషు మాటకి అర్థం చెప్పమన్నారు. ఇంట్లో ఇంగ్లీషు పండితురాలిని నేనే మరి! నిఘంటువు తీసి, "కిందికి నొక్కడం, తగ్గించడం, కుంగదీయడం" అని చదివాను. "రేటంటే పంట ఎక్కువై పడుతుంది. మనిషినెవరు కుంగదీస్తారే? మనమా?" అన్నారు నాన్న. నానమ్మ లేచి వీధి తలుపు వేసేసింది.

మర్నాటికి అమ్మకి పచ్చకామెర్లని వీధంతా తెలిసిపోయింది. అది నానమ్మ నిర్ణయం. కామెర్లు పరువైన జబ్బు, ఎంతటివారికైనా వస్తాయి. అబద్ధమాడినా అతికినట్టుండాలి కదా, అందుకని పథ్యం కూడా మొదలుపెట్టింది. లోపల గదిలో డాక్టరిచ్చిన మాత్రలు, పదిమందిలో ఉప్పూ నూనే లేని చప్పిడి కూడు. చూడవచ్చినవాళ్ళు తెచ్చిన నేల ఉసిరిని నూరి, మజ్జిగలో కలిపి, వాళ్ళ ఎదుటే తాగించేది. అమ్మ కిక్కురుమనకుండా తాగేది. ఎవరైనా కళ్ళు చూడబోతే, "పచ్చదనం విరిగిందమ్మా, అంతా పసరు మహిమ" అనేది నానమ్మ. పక్కన గ్లాసు పట్టుకుని నిలబడ్డ నేను, ఆ కామెర్లేవో నిజంగా వచ్చినా బాగుండేదనుకున్నాను. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే.

మాత్రలు పనిచేశాయి. అమ్మ నెమ్మదిగా లేచి తిరిగింది. పేరు మాత్రం పసరుకొచ్చింది. వేసవిలో పక్కింటి అత్తయ్యగారి కొడుక్కి నిజంగానే కామెర్లు వచ్చాయి. ఓ మధ్యాహ్నం ఆవిడ నలుగురు ఆడవాళ్ళని వెంటబెట్టుకుని మా హాల్లోకి పరిగెత్తుకొచ్చింది.

"వదినగారూ, మీకు తగ్గిన పసరే మావాడికీ పోస్తున్నామండి. కళ్ళు తెరవట్లేదండి. ఇంకా ఎన్నాళ్ళు పొయ్యాలండీ?"

నానమ్మ ఏదో చెప్పబోయింది. అమ్మ చెప్పనివ్వలేదు.

"నాకు కామెర్లు రాలేదు వదినగారూ. నాది మనసు జబ్బండి. కాకినాడ డాక్టరుగారి మాత్రలతో తగ్గింది. పసరు నమ్ముకోకండి, ముందు పిల్లాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్ళండి."

నానమ్మ మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆడవాళ్ళు నా వంక చూస్తారేమోనని నేలకేసి చూస్తూ ఉండిపోయాను. అమ్మ ఒక్కర్తే తలెత్తుకుని నిలబడింది.

పిల్లాడు బతికాడు. కానీ ఆ శ్రావణమాసంలో అమ్మని పేరంటానికి ఎవరూ పిలవలేదు, పక్కింటావిడతో సహా. "పోనీలే, పిల్లాడు తిరుగుతున్నాడుగా" అంది అమ్మ, శనగలు నానబోసుకుంటూ. మనిషినెవరు కుంగదీస్తారని ఆనాడు నాన్న అడిగిన ప్రశ్నకి జవాబు నేను నిఘంటువులో వెతికాను గానీ, మా హాల్లో వెతకలేదు.

ఆ మాటని పకోడీ నములుతూ అనగలిగే కాలానికి చేరడానికి మా ఇంటికి ఇన్నేళ్ళు పట్టింది. అమ్మ ఆ మధ్యాహ్నమే చేరింది, ఒంటరిగా.