కుడి చెంప మీద నీడ

చంద్రపూర్‌లో నా ఫోటో స్టూడియోకు వచ్చేవాళ్లు కుర్చీలో సర్దుకోకముందే ఒక మాట అంటారు. మరాఠీవాళ్లు "జరా గోరా కరా" అంటారు. మనవాళ్లు "జర తెల్లగ రానియ్యి" అంటారు. భాష ఏదైనా కోరిక ఒకటే. బొగ్గు గనుల పక్కన, ఇంతటి ఎండల్లో బతికే మనుషుల రంగు ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. అయినా ఫోటోలో ఎవరి రంగు వాళ్లకు పనికిరాదు. ఈ సిగ్గుతో ఎవరూ పుట్టరు. ఎవరో నేర్పితేనే వస్తుంది. నేర్పినదాన్ని మాన్పించవచ్చని నేను నమ్ముతాను, అందుకే ఎవరి ముఖాన్నీ తెల్లబరచను. కోపగించుకుని పక్క స్టూడియోకు వెళ్లేవాళ్లు వెళ్తారు.

పంచాయతీ ఎన్నికల ముందు మా చిన్నాయన కూతురు, ఆమె మరిది కోర్పనా దగ్గరున్న తమ ఊరి నుంచి బస్సులో వచ్చారు. ఆమె సర్పంచ్ పదవికి నిలబడింది. ఎదుటి అభ్యర్థి పాత సర్పంచ్. బ్యానర్ కట్టకపోయినా ఆయన ఎవరో ఊరికి తెలుసు. మా చెల్లె సంగతి వేరు. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆమె ఆ ఊళ్లో ఒకరికి వదినె, ఒకరికి చిన్నమ్మ, ఒకరికి కోడలు. పేరు చెబితే ఎవరికీ తెలియదు. పత్తి చేలల్లో, బచత్ గట్ పొదుపు మీటింగుల్లో రోజూ చూసే ఆ ముఖమే ఆమె పేరు. అది గుర్తుపట్టకపోతే ఓటు లేదు.

మరిది చంకలో చుట్టి తెచ్చిన బ్యానర్‌ను నా ముందు విప్పాడు.

"ఎవరీమె?" అన్నాను.

"గిదే తిప్పలు బావా! బస్టాండుకాడ కట్టిన్నో లేదో, మీ ఇంటికి కొత్త కోడలొచ్చిందా అని మా అమ్మనే అడగవట్టిరి."

"కొత్త కోడలు మంచిగున్నదన్నరు అన్నా," అంది చెల్లె. "నాకు ఓటేస్తమని మాత్రం ఎవలూ అనలే."

జరిగింది నాకు అర్థమైంది. ఎవరో రెండు గొడుగు లైట్లను ఎదురుగా, సమానంగా పెట్టి తీశారు. ముఖంలో ఎక్కడా నీడ లేదు, కాబట్టి ముక్కూ లేదు, దవడా లేదు. మిగిలిన కాస్త రంగును కంప్యూటర్‌లో కడిగేశారు. ఆమె కనుబొమ్మ మీది గాటు కూడా ఆ కడగడంలోనే పోయింది.

"మరి నన్నేం చేయమంటావు?" అని మరిదిని అడిగాను.

"గంత తెల్లగ వద్దు బావా. సగం తెల్లగ చెయ్యి."

ఎదురుగా ఉన్న లైట్లు రెండూ ఆర్పేశాను. తెల్లటి గుడ్డ కప్పిన పెద్ద లైటును చెల్లెకు ఎడమపక్క, కళ్లకన్నా కాస్త ఎత్తులో, వాలుగా నిలబెట్టాను. కుడిపక్క నీడ మరీ ముదరకుండా ఒక థర్మాకోల్ అట్ట ఆనించాను. నల్లటి జుట్టు వెనక తెరలో కలిసిపోకుండా వీపు వెనక చిన్న లైటు. అంతే, ఇంతకు మించి రహస్యం లేదు. ఒకటి తీసి కంప్యూటర్‌లో చూపించాను.

"అరెరె, కుడి చెంప మీద నీడ వడ్డది," అన్నాడు మరిది. "గ్రహణం వట్టినట్టు! ఎలక్షన్ల ముంగట గిది అపశకునం బావా."

మా హేతువాదుల సభలో అయితే గ్రహణం మీద గంటసేపు మాట్లాడేవాణ్ణి. సూర్యచంద్రులకూ మీ పంచాయతీకీ తగాదా ఏమిటని నిలదీసేవాణ్ణి. కానీ చేసి చూపించే వీలున్నచోట ఉపన్యాసం దండగ. చెల్లె సంచిలోంచి ఒక సంత్రా, అదే కమలాపండు, తీసి కుర్చీ మీద పెట్టాను. ఎదురు లైట్లతో ఒకటి, పక్క లైటుతో ఒకటి తీసి ఆయన ముందుంచాను.

"ఇదేంటి?"

"బిళ్ల."

"ఇది?"

"సంత్రా." కాసేపు రెంటినీ మార్చి మార్చి చూశాడు. "రెండూ గదే పండా?"

"గదే మరి," అంది చెల్లె. "నన్ను బిళ్ల జేసి బస్టాండుల అంటిస్తివి గదా మరిదీ!"

ఆయన అంత తేలిగ్గా వదిలే రకం కాదు. "సరే, నీడ ఉండనియ్యి. గా కనుబొమ్మ మీది గాటన్న తీసెయ్యి బావా."

"గది ముట్టకు!" చెల్లె కుర్చీలోంచి లేచింది. "పత్తికట్టె గుచ్చుకున్నకాడికెల్లి ఊరంత గాటు వదినె అనే అంటరు. గది పోతే నన్నెవలు గుర్తువడ్తరు?"

మళ్లీ కూర్చోబెట్టాను. కెమెరా ఎత్తగానే పెళ్లిలో నిలబడ్డట్టు బిగుసుకుపోయింది. "చివరి వాడకు ఇంకా నల్లా రాలేదన్నావు కదా. పంచాయతీ పనులు చూసే గ్రామసేవక్ ఎదురుగా ఉన్నాడనుకో. అడుగు," అన్నాను.

వీపు నిటారుగా చేసింది. "నళాలా పాణీ కధీ యేణార్, సాహెబ్? తారీఖ్ సాంగా."

నీళ్లెప్పుడొస్తాయో తేదీ చెప్పమంటోంది. ఆ చివరి మాట దగ్గర బటన్ నొక్కాను. బ్యానర్ మీదికి ఎక్కింది ఆ ముఖమే: దాని రంగుతో, గాటుతో, కుడి చెంప మీది నీడతో.

చెల్లె గెలిచింది. ఫోటో వల్లే గెలిచిందని మాత్రం నేను అనను. ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణమైపోదని జీవితమంతా వాదించినవాణ్ణి, నా పని దగ్గరికి వచ్చేసరికి ఆ మాట మింగలేను. నాకు తెలిసిందల్లా, రెండో బ్యానర్ చూసి ఎవరూ కొత్త కోడలి సంగతి అడగలేదు.

మరిదికి ఇలాంటి అనుమానాలేవీ లేవు. మొన్న పక్క ఊరి నుంచి సొసైటీ ఎన్నికకు నిలబడ్డ ఒకాయనను వెంటబెట్టుకొచ్చాడు.

"బావా, ఈనెకు గూడ గట్లనే తియ్యి. కుడి చెంప మీద నీడ వడాలె. గా నీడ మనకు కలిసొచ్చింది!"

అపశకునం శుభశకునమైపోయింది. ఆయన బుర్రలో శకునం స్థానం మాత్రం కదలలేదు. పండుతో సగం పనే అయిందన్నమాట. లైటు స్టాండు ఎత్తి, ఆ పెద్దమనిషికి కుడిపక్క పెట్టాను. నీడ ఎడమ చెంప మీద పడింది.

"అరె బావా, ఉల్టా వడ్డది!"

"కూర్చో," అన్నాను మరిదితో. "ఈయన గెలిచినా, ఓడినా మళ్లీ రా. అది నీడ పనో, ఓట్ల పనో అప్పుడు మాట్లాడుకుందాం."