మా అత్త గుండ్రటి గోళ్ళు

మా మేనత్తను ఊర్లోనే ఇచ్చినారు. ఆమె వేళ్ళ కొసలు ఉబ్బి, గోళ్ళు గోలీకాయ మాదిరి గుండ్రంగా ఉండేవి. మా తాతవీ అట్లాంటివేనంట. అది హస్తవాసి అని కోయిలకుంట్ల పక్క మా ఊరంతా నమ్మేది. విత్తనమేసే గొర్రు కట్టిన పొద్దు మొదటి పిడికెడు కొర్రలు ఆమె చేత్తో పోయించుకోనిది ఎద్దుల్ని కదిలించేవాళ్ళు కాదు. నా గోళ్ళు చూస్తే చదును. నాకు శానా కుళ్ళుగా ఉండేది.

రెండేండ్లుగా ఆమెకు ఆయాసం, పొడిదగ్గు. చేనికి పోవాలంటే మూడుచోట్ల నిలబడేది. క్షయ అనుకొని ఇరుగుపొరుగోళ్ళు చెంబుతో నీళ్ళియ్యడం మానేసి దోసిట్లో పోసేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో మా నాయన ఆమెను అక్కడి ఆసుపత్రికి తీసకపోయినాడు. ఏడ్చి గీపెట్టి నేనూ బస్సెక్కినా.

గొట్టం పెట్టి వింటాడనుకుంటే, డాక్టరు మా అత్త వేలు పట్టుకొని కంటికి సూటిగా ఎత్తి పక్కనుంచి చూసినాడు. ఓరి దేవుడా, ఊపిరికి జబ్బయితే వేలు చూస్తాడేంది! నోరు ఊరుకుంటే గదా, అడిగేసినా.

ఆయప్ప నవ్వినాడు. "గోరు మొదట్లో చిన్న పల్లం ఉండాల పాపా. ఊపిరితిత్తులు లోపల గట్టిపడితే, కొందరికి ఆ పల్లం పూడిపోతుంది."

అంటే హస్తవాసి కాదా! ఎక్స్‌రే తీసినారు, కఫం పరీక్ష చేసినారు. క్షయ కాదు, అంటురోగమే కాదన్నారు. అరుదైన జబ్బంట, మందు లేదంట.

"మీ ఇంట్లో ఇట్లాంటి వేళ్ళు ఇంకెవరికన్నా ఉండాయా?" అని డాక్టరు నాయనను అడిగినాడు.

"మా నాయనకుండె. ఆయాసంతోనే పోయినాడు."

"అయితే ఇది మీ వంశంలోనే వస్తాండాదేమో. గట్టిగా చెప్పలేను."

బస్సులో మా అత్త ఏడుస్తుందనుకున్నా. "అంటేది కాదన్నాడు గదా! ఇంక చెంబెట్లా ఇయ్యరో చూస్తా" అనింది.

ఇంటికొచ్చినాక నాకదే పని. అన్నవి, చెల్లెలివి, అందరి వేళ్ళూ ఎత్తి పక్కనుంచి చూసేదాన్ని. మా యమ్మ చీపురు తీసేదాకా వదల్లేదు. అందరికీ పల్లం ఉండాది. నాయన మాత్రం చిక్కడే! అడిగితే పనుండాదని లేచిపోయేవాడు.

ఒక మధ్యాన్నం నాయన సంగటి తింటాంటే పక్కన కూచొని, వంగి ఆయన బొటనవేలు చూసినా. గోరు మొదట్లో పల్లం లేదు. ఇంకొకసారి చూసినా. లేదు.

మా యమ్మ మజ్జిగ కోసం లోపలికి పోయింది. నాయన నా పక్కకు వంగి, మెల్లగా అన్నాడు.

"నేను ఆ పొద్దు ఆసుపత్రిలోనే చూసుకున్న్యాలేమ్మా. మీ యమ్మకు చెప్పొద్దు."