దిమ్మ పేరు ఇప్పుడు నాదట

నిన్న పొద్దున్న షాపు షట్టర్ సగం ఎత్తానో లేదో, ఫోన్.

"సూరిబాబు పోయేడంట. గుండెపోటు."

ఎవడో జోక్ చేస్తున్నాడనుకుని తిట్టి పెట్టేశాను. మళ్లీ మోగింది. ఈసారి వాడి తమ్ముడు. ఏడుస్తున్నాడు.

తెలియనివాళ్లకి చెప్తున్నా. సూరిబాబుది నా పక్క షాపు. ఇద్దరివీ కంప్యూటర్ రిపేర్లే, అనకాపల్లిలో ఒకే గోడకి అటూ ఇటూ. చుట్టరికం లేదు గానీ బావా అంటే బావా.

నిజం చెప్పనా? వాడంటే నాకు కుళ్లు. ఇవాళ కూడా.

ఎవరైనా ఊరికే తీసుకుని మార్చుకోగలిగే ఓపెన్‌సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి పట్టుకుని, తెలుగు కీబోర్డు, బెల్లం వ్యాపారులకి బిల్లింగ్ చేర్చి సొంత ఎడిషన్ తయారుచేశాడు. పేరు 'దిమ్మ'.
మన బెల్లం దిమ్మ!
ఆ పేరు నాకెందుకు తట్టలేదని ఉడికిపోయాను.

ఓసారి దిమ్మ ఎక్కించడానికి ఇద్దరం ఓ బెల్లం షావుకారు దగ్గరికి వెళ్లాం.

"ఊరికే ఇత్తన్నారంటే నాసిరకం సరుకేనా ఏటి?" అన్నాడాయన.

నేను లైసెన్స్, సోర్స్ కోడ్, రీడిస్ట్రిబ్యూషన్ రైట్స్ అంటూ గొంతెండేదాకా చెప్పాను. ఆయన ఆవులించాడు.

సూరిబాబు బల్ల మీది బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాడు.

"సూడండి బాబూ, ఈ బెల్లంతో అరిసెలు సేసుకోండి, పంచండి, అమ్ముకోండి. కాకపోతే తిన్నోడు అడిగితే ఎలా సేసేరో సెప్పాలి. దాసకూడదు. అంతే."

షావుకారు నవ్వి "అయితే ఎక్కించు" అన్నాడు. టీ కూడా వాడికే ముందు ఇచ్చారు. ఎంత మండిందో!

తర్వాత నేనూ దిమ్మని కొంత మార్చాను. ప్రింటర్లు నాదాంట్లోనే బాగా పనిచేసేవి, ఇది మాత్రం ఒప్పుకోవాలి. అదే పేరుతో అమ్ముకుంటానని అడిగాను.

"కాపీ సేసుకో బావా, మార్చుకో, అమ్ముకో. అది నీ హక్కు. పేరు మాత్రం ఇవ్వను. నీ అరిసెలకి నా బోర్డు ఎట్టకు."

కోపమొచ్చి నాదానికి 'పానకం' అని పెట్టాను.

"పేరు బాగుంది బావా, మరి పుడక ఎవరు, నువ్వేనా?" అని వీధంతా వినేలా అరిచాడు.

జనం నా పానకం ఎక్కించుకుని కూడా "సూరిబాబు సిస్టమే కదా ఇది?" అనేవారు. చచ్చిపోయేవాడిని.

నిన్న వాడి ఇంటి ముందు కాలు పెట్టడానికి చోటు లేదు. కె. కోటపాడు నుంచి కూడా జనం వచ్చారు. పరవాడ కంపెనీ బస్సు దిగి యూనిఫాంతోనే వచ్చినవాళ్లు ఉన్నారు.
నేను పోతే ఇంతమంది వస్తారా అనుకున్నాను.
శవం దగ్గర కూడా కుళ్లే.

వాడి భార్య నన్ను పక్కకి పిలిచింది.

"అన్నియ్యా, స్టెంట్ ఏసినప్పుడే ఆయన సెప్పేరు. నాకేటన్నా అయితే దిమ్మ పేరు బావకి ఇచ్చీ, ఆడికి దానిమీద మనసు అన్నారు."

ఇన్నాళ్లూ ఏడ్చి ఏడ్చి అడిగిన పేరు.
చేతికొచ్చింది.
ఏం చేసుకోను బావా?

సిస్టమ్ ఆన్ చేయగానే "తయారీ: సూరిబాబు, అనకాపల్లి" అని వస్తుంది. ఎవరు ఎంత మార్చినా, ఎంతమందికి పంచినా ఆ లైన్ తీసే హక్కు లేదు. లైసెన్స్ ఒప్పుకోదు.

ఒప్పుకున్నా నేను తియ్యను.

పోయినా నా పేరుకి పైనే ఉన్నావు కదయ్యా. నేను బతికినంతకాలం రోజూ షాపు తెరిచి, ఆ లైన్ చూసి కుళ్లుకుంటాను.

వెళ్లిరా సూరీ.
చల్లగా పడుకో.